రెండు క్లిప్పుల తువ్వాలు

మా ఊరి ఈతకొలను చుట్టూ పదకొండు చెక్క బల్లలున్నాయి. అందులో పదింటి మీద ఎవరు కూర్చున్నా నాకు ఒకటే. నాకు కావలసింది లిండెన్ చెట్టు కిందది. అక్కడ కూర్చుంటేనే లోతు నీళ్ళ అడుగు కనిపిస్తుంది. ఇంకెక్కడ కూర్చున్నా ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు జిగేల్‌మంటాయి. బిడ్డ దూకడం కనిపిస్తుంది గాని, పైకి వచ్చిందో లేదో తెలియదు.

ఆ వేసవికి మా పాప మైకెకి పదేళ్ళు. వెండి బిళ్ళ పరీక్షకి పేరిచ్చింది. మూడు మీటర్ల ఎత్తు పలక మీద నుంచి దూకాలి. నిలువు లోతు నీళ్ళలో మునిగి అడుగున వేసిన రబ్బరు రింగు పట్టుకురావాలి. ఆగకుండా పదహారు సార్లు కొలను ఈ కొస నుంచి ఆ కొసకి ఈదాలి. ఇన్నీ చేస్తే ఈత బట్టల మీద కుట్టుకోవడానికి వెండి రంగు గుడ్డ బిళ్ళ ఒకటి ఇస్తారు. అంగడిలో అలాంటి గుడ్డ బిళ్ళలు ఎన్ని దొరకవు, పూలవి, పిల్లిపిల్లలవి! నేను కొని కుట్టిపెడతానన్నాను కూడా. మైకె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నాకు ఈత రాదు. భయం మాత్రం బాగా వచ్చు. మా ఆయన ఏవాల్ట్ అందరికీ చెప్పి నవ్వుతుంటాడు: "మా పెళ్ళిలో చర్చి మధ్య పెద్ద దీపాల గుత్తి వేలాడుతుంటే, రోస్విత దాని కింద నిలబడనంటే నిలబడనంది. చివరికి పాస్టరు గారే పక్కకి జరిగారు." నిజమే. ఆ గొలుసు పాతది. నా కళ్ళతో నేను చూశాను.

కొలను గేటు పొద్దున ఏడింటికి తీస్తారు. సీజన్ పాసు ఉన్నవాళ్ళం అప్పుడే వెళ్తాం. నచ్చిన బల్ల మీద తువ్వాలు పరుస్తాం, ఇంటికెళ్ళి కాఫీ తాగి రొట్టె తిని, పదింటికి తాపీగా వస్తాం. అంతవరకూ ఆ బల్ల మనదే. తువ్వాలు ఉందంటే మనిషి ఉన్నట్టే. గేటు దగ్గర బోర్డు మీద "తువ్వాళ్ళు పరిచి చోటు ఆపుకోరాదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ బోర్డు మీద కూడా ఎవరిదో ఒక తువ్వాలు ఆరుతూ ఉంటుంది. ఒకరి తువ్వాలు ఇంకొకరు ముట్టుకోవడమంటే పరాయి వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి చూడడమే. ఎవరూ చెయ్యరు.

లిండెన్ చెట్టు కింది బల్ల హాకె గారిది. డెబ్భై నాలుగేళ్ళ ఆవిడ, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు, ఒంటరిగా ఉంటారు. నారింజ, గోధుమ రంగు చారలున్న మందపాటి తువ్వాలు, రెండు కొసలా రెండు చెక్క క్లిప్పులు. ఇరవై రెండేళ్ళుగా అదే తువ్వాలు, అదే బల్ల. ఏడింటికి సైకిలు మీద వస్తారు, తువ్వాలు పరిచి క్లిప్పులు పెట్టి, ఇరవై సార్లు ఈది వెళ్తారు. పదింటికి గళ్ళనుడికట్టు పుస్తకంతో వచ్చి నాలుగింటి దాకా కదలరు.

జూన్ నెలంతా నేను రోజుకి ఐదు నిమిషాలు ముందు లేస్తూ వచ్చాను. ఒక రోజు ఏవాల్ట్ సైకిలు తీసుకుని ఏడుకి ఇరవై నిమిషాలుండగానే గేటు ముందు నిలబడ్డాను. రెండు నిమిషాల తర్వాత హాకె గారు వచ్చారు. నన్ను చూసి సైకిలు గంట ఒకసారి ఊరికే కొట్టారు.

కొలను చూసుకునే పోల్మన్ గారు తాళం తీస్తూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "పరిగెత్తితే విజిల్ వేస్తా. ముందే చెప్తున్నా."

తడి నేల మీద పరుగు నిషేధం. అందుకని ఇద్దరం నడిచాం. అలాంటి నడక నేను జన్మలో నడవలేదు. మోకాళ్ళు వంచకుండా, చేతులు ఊపుకుంటూ, పళ్ళు బిగబట్టి. కాలు జారితే తల పగిలి చస్తానని ఒక పక్క భయం, బల్ల పోతుందని ఇంకో పక్క. నేను రెండడుగులు ముందున్నాను. బల్ల చేతికందే దూరంలో ఉండగా నా భుజం మీదుగా చారల తువ్వాలు గాల్లో ఎగిరొచ్చి బల్ల మీద పడింది.

"ఇది అన్యాయం!" అన్నాను.

"తువ్వాలు ముందా, మనిషి ముందా?" అన్నారు హాకె గారు ఆయాసపడుతూ.

"మా పాప పరీక్ష ఉందండీ. ఇక్కడి నుంచైతేనే నాకు అడుగు కనిపిస్తుంది."

"కనిపిస్తే?"

"అంటే?"

"కనిపిస్తే నువ్వేం చేస్తావమ్మాయ్? నీకు ఈత రాదుగా. మునిగిపోతుంటే బల్ల మీద కూర్చుని శుభ్రంగా చూస్తావా?"

రెండు క్లిప్పులూ టకటకా పెట్టి ఈతకి వెళ్ళిపోయారు. నేను నా తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇంటికొచ్చాక కాఫీ కాస్తుంటే కన్నీళ్ళు ఆగలేదు. ఆవిడ అన్న మాట కఠినమని కాదు. రోజూ నాకు నేను చెప్పుకునేదే ఆవిడ పైకి అనేశారు.

మైకెకి మాత్రం ఆవిడంటే ఇష్టం. "హాకె మామ్మా" అంటూ తడి కాళ్ళతో ఆ బల్ల దగ్గరికే పోతుంది. నేను గడ్డిలో దుప్పటి పరుచుకుని, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంటే, ఆవిడ పుస్తకంలోంచి తలెత్తకుండా పిల్లకి పాఠం చెప్తుండేవారు.

"నీళ్ళ వంక చూడకు. నీళ్ళని చూస్తే కాళ్ళు రావు. ఎదురుగా ఈ చెట్టు కొన చూడు. ముక్కు మూసుకుంటే పాయింట్లు పోతాయి, గుర్తుంచుకో."

"పాయింట్లు లేవు మామ్మా, పాసో ఫెయిలో అంతే."

"నా దగ్గర ఉన్నాయి. నిన్నటి దూకుడికి నాలుగు ఇచ్చాను. మీ అమ్మ అరవకపోయుంటే ఐదు ఇచ్చేదాన్ని."

అరిచిన మాట నిజమే. పిల్ల పలక చివర నిలబడినప్పుడల్లా నా నోట్లోంచి ఏదో ఒకటి వస్తుంది. నేను గేటు దాటి లోపలికి రాగానే పోల్మన్ గారు, "వచ్చారండీ, ప్రమాదాల శాఖ!" అంటారు. చిరుతిళ్ళ కొట్టు గెర్డా, బంగాళాదుంప ముక్కలు వేయిస్తూనే, "రోస్వితా, ఇవాళ ఎవరు పోయారు?" అని అడుగుతుంది. నేనూ నవ్వుతాను. ఏం చేస్తాను?

పరీక్ష జూలైలో ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి.

ఆ రోజు నేను ఏడుంబావుకి వెళ్ళేసరికే చారల తువ్వాలు పరిచి ఉంది. పోటీ పడే ఓపిక నాకు లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. గడ్డిలో దుప్పటి వేసి ఇంటికెళ్ళి, పదింటికి మైకెని తీసుకొచ్చాను. హాకె గారు ఇంకా రాలేదు. పదకొండయింది. పన్నెండయింది. కొలను కిక్కిరిసిపోయింది. బల్లలు దొరకని వాళ్ళు మెట్ల మీద, గోడల మీద కూర్చున్నారు. లిండెన్ చెట్టు కింది బల్ల మాత్రం ఖాళీగా ఉంది. జనం దాన్ని చుట్టి వెళ్తున్నారు, అక్కడ ఎవరో పడుకున్నట్టే.

ఒంటిగంటకి గెర్డాని అడిగాను. "హాకె గారు కనిపించారా?"

"తువ్వాలు ఉందిగా."

"తువ్వాలు ఉంది, మనిషి ఏది?"

"ఎక్కడో ఉంటుందమ్మా. తువ్వాలు ఉంటే ఆవిడ ఉన్నట్టే."

రెండింటికి పోల్మన్ గారిని అడిగాను. ఆయన బల్ల వైపు ఒక చూపు చూసి, "ఉన్నారుగా," అన్నారు. నిజంగా అలాగే అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ చారలు చూసీ చూసీ ఆయన కంటికి బల్ల మీద ఆవిడే కనిపించారు. ఆయన్ని తప్పుపట్టడమెందుకు? పదింటి నుంచి నేనూ ఆ తువ్వాలు చూస్తూనే ఉన్నాను కదా.

మెల్లగా బల్ల దగ్గరికి వెళ్ళాను. దగ్గర్నుంచి చూస్తే తువ్వాలు వంకరగా ఉంది. క్లిప్పు ఒక్కటే ఉంది. రెండోది కింద పడిందేమోనని గడ్డిలో వెతికాను. లేదు. ఇరవై రెండేళ్ళలో ఆ తువ్వాలుకి ఒక్క క్లిప్పు ఉండడం ఎవరైనా చూశారా? చేత్తో ముట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను దొంగను చూసినట్టు చూశారు. తువ్వాలు ఎండకి కరకరలాడుతోంది.

గెర్డా కొట్లోంచి ఆవిడ ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను.

"బజారుకి వెళ్ళుంటుంది," అంది గెర్డా.

"మా మైకె పరీక్ష మానుకునా?"

"నీకు తోచినదల్లా చావే కదా రోస్వితా. వెళ్ళి హాయిగా ఆ బల్ల మీద కూర్చో. ఇవాళ నీ పంట పండింది. ఎవరైనా అడిగితే నేను చెప్తాలే."

టైము రెండూ నలభై. పిల్లలు ఎనిమిది మందీ పలక కింద వరసగా నిలబడ్డారు. పోల్మన్ గారి మెళ్ళో గడియారం. పరీక్ష అరగంట ఆపమని అడిగాను. "ఆపితే ఈ ఎనిమిది మందిలో నలుగురు ఏడుస్తారు, ముగ్గురు ఇంటికి పోతారు. మీరు కూర్చోండమ్మా," అన్నారు. హాకె గారి ఇంటికి వెళ్ళి చూసి రమ్మని ఎవరిని పంపను? అందరికీ తువ్వాలు కనిపిస్తోంది. ఏవాల్ట్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. వెళ్తే నేనే వెళ్ళాలి. వెళ్తే మైకె దూకేటప్పుడు నేనుండను. ఆ పిల్ల నీళ్ళలోకి దిగినప్పుడు నా కళ్ళు దాని మీద లేని రోజు అప్పటికి ఒక్కటీ లేదు. నేను చూస్తున్నాను కాబట్టే అది పైకి తేలుతోందని నా లోపల ఎక్కడో ఒక నమ్మకం. పైకి చెప్తే నవ్వుతారు.

మైకె వరసలోంచి నా దగ్గరికి వచ్చింది. వణుకుతోంది, చలికో భయానికో. "మామ్మ రాలేదేంటమ్మా?"

"తెలీదు తల్లీ. వెళ్ళి చూద్దామనుకుంటున్నా. కానీ నీ పరీక్ష..."

"వెళ్ళమ్మా."

"నువ్వు దూకేటప్పుడు నేను లేకపోతే ఎలాగే?"

"నువ్వుంటే ఎలాగూ అరుస్తావు," అంది. అని, తడి చేత్తో నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

సైకిలు ఎలా తొక్కానో నాకు తెలియదు. హాకె గారి ఇల్లు చర్చి వెనక సందులో చివరిది. గంట కొట్టాను. పలకలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే వంటింటి తలుపు తీసే ఉంది. నేనైతే పగలు కూడా గడియ పెడతాను. ఆవిడ పెట్టకపోవడం ఆ రోజుకి మంచిదయింది. బల్ల మీద పిండి గిన్నె, పక్కన నాలుగు గుడ్లు, చల్లారిపోయిన కాఫీ.

"హాకె గారూ!"

కింద నుంచి టక్, టక్ మని చప్పుడు. నేలమాళిగ తలుపు తెరిచి ఉంది. మెట్ల కింద సిమెంటు నేల మీద ఆవిడ పక్కకి పడి ఉన్నారు. చేతిలో చెక్క క్లిప్పు. దాంతో నీళ్ళ గొట్టం మీద కొడుతున్నారు.

"ఎవరది?"

"నేనండీ, రోస్వితని."

"నా బల్ల ఎవరైనా తీసుకున్నారా?" అన్నారు.

"లేదండీ. ఎవరూ ముట్టుకోలేదు."

"అదే నేనూ అనుకున్నా. పడ్డప్పటి నుంచీ అదే అనుకుంటున్నా. తువ్వాలు లేకపోయుంటే పదింటికే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, ఇవాళ హాకె రాలేదేంటని. తువ్వాలు వేసి వచ్చాను కదా, నన్నెవరు వెతుకుతారు? నాలుగింటికి పోల్మన్ బల్లలు సర్దేదాకా నేను అక్కడే ఉన్నట్టు లెక్క."

పైకి పరిగెత్తి అంబులెన్సుకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి, "ఊపిరి తీసుకుంటున్నారా?" అని అడిగింది. "ఆవిడ తీసుకుంటున్నారు, నాకే ఆడడం లేదు," అన్నాను. అడ్రసు రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి సరిగ్గా చెప్పాను. పావుగంటలో వస్తామన్నారు.

మంచం మీది దుప్పటి తెచ్చి కప్పాను. తుంటి దగ్గర ముట్టుకోవద్దన్నారు ఆవిడ. చేతులు చల్లగా ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. పక్కన సీసా పగిలి చెర్రీ పళ్ళు ఒలికిపోయి ఉన్నాయి. ఆ ఎరుపు చూసి మొదట నెత్తురనుకున్నాను.

"కేకు చేద్దామనుకున్నా, పిల్లకి," అన్నారు ఆవిడ. "పదింటిలోపు పొయ్యిలో పెట్టేద్దామని తొందర. ఒక క్లిప్పు జేబులోనే ఉండిపోయింది."

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది."

"మాట్లాడకపోతే నొప్పి తెలుస్తుంది. టైమెంత?"

"మూడూ ఎనిమిది."

ఆవిడ తల కొంచెం పైకెత్తారు. "మరి నువ్విక్కడేం చేస్తున్నావమ్మాయ్? పిల్ల దూకుతుంటుంది!"

ఆవిడ నా మొహం చూశారు. చూసి, నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నారు.

"కళ్ళు మూసుకో," అన్నారు. "ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా, నాకు తెలుసు ఎలా జరుగుతుందో. పోల్మన్ ముందు మగపిల్లల్ని పంపిస్తాడు. తర్వాత మైకె. ఇదిగో, నిచ్చెన ఎక్కుతోంది. పది మెట్లు. ఆరో మెట్టు దగ్గర ఆగుతుంది. ఎప్పుడూ ఆగుతుంది, జడ సరిచేసుకోవడానికి. ఎక్కేసింది. పలక చివరికి వచ్చింది. కిందికి చూస్తోంది."

"చూడొద్దన్నారు కదండీ!"

"ఉండు, అరవకు. చూసింది, తలెత్తింది. చెట్టు కొన కనిపించింది. చెట్టు కింద బల్ల, బల్ల మీద తువ్వాలు. మామ్మ వచ్చిందనుకుంటుంది."

ఆవిడ ఆగారు. నేను ఊపిరి బిగబట్టాను. ఆ నేలమాళిగలో చెర్రీ వాసన, తడి గోడల వాసన.

"దూకింది," అన్నారు హాకె గారు మెల్లగా. "ఇప్పుడు లెక్కపెట్టు. నెమ్మదిగా."

ఒకటి, రెండు, మూడు. నాలుగు.

"వచ్చేసింది. జుట్టు వెనక్కి తోసుకుంటోంది. ఐదు పాయింట్లు."

నేను ఆవిడ చెయ్యి మీద తల పెట్టి ఏడ్చాను. అంబులెన్సు వాళ్ళు దిగి వచ్చి, ఇద్దరిలో పేషెంటు ఎవరని అడిగారు.

నేను తిరిగి కొలను దగ్గరికి వెళ్ళేసరికి నాలుగు దాటింది. పోల్మన్ గారికి ఎవరో చెప్పారు కాబోలు, గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. నోరు తెరిచారు గాని, ప్రమాదాల శాఖ అన్న మాట రాలేదు. నా సైకిలు తీసుకుని స్టాండు వేశారు. మైకె లిండెన్ చెట్టు కింద, బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. తువ్వాలు మీద కాదు, పక్కన. చేతిలో వెండి బిళ్ళ.

"ఆరో మెట్టు మీద ఆగావా?" అని అడిగాను.

"నీకెలా తెలుసు?"

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. ఇంకొన్ని గంటలు ఆ చల్లటి నేల మీద ఉంటే కష్టమయ్యేదని డాక్టరు నాతో అన్నారు. నాతో అలాంటి మాట అనకూడదు. వారం రోజులు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి రోజూ ఏడింటికి నేనే వెళ్ళి చారల తువ్వాలు పరిచేదాన్ని. చారలు నిలువుగా, రెండు కొసలా రెండు క్లిప్పులు. నేను మాత్రం గడ్డిలోనే కూర్చునేదాన్ని. "పిచ్చిదానా, బల్ల ఖాళీగా ఉంది, కూర్చోవే," అని ఏవాల్ట్ అన్నాడు. ఖాళీగా లేదు, హాకె గారిది అన్నాను. గెర్డా కొట్టు గోడ మీద పాసున్న వాళ్ళందరి ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసి అతికించింది. పదిన్నరకి పోల్మన్ గారు చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య ఒక చుట్టు తిరుగుతారు. ఏమీ వెతకనట్టే తిరుగుతారు. కానీ మనిషి రాని తువ్వాలు దగ్గర ఆగుతారు.

సెప్టెంబరులో సీజను ఆఖరి రోజున హాకె గారు వచ్చారు. ఏవాల్ట్ కారులో తీసుకొచ్చాడు. రెండు చేతికర్రలు. గేటు నుంచి చెట్టు దాకా రావడానికి పది నిమిషాలు పట్టింది. ఈసారి ఆవిడతో ఎవరూ పోటీ పడలేదు. నేను వెనకే నడిచాను, పడితే పట్టుకోవడానికి చేతులు చాచి.

"చేతులు దించు. కోడిని పట్టేదానిలా ఉన్నావు," అన్నారు వెనక్కి చూడకుండానే.

బల్ల దగ్గర ఆగి తువ్వాలు పరీక్షగా చూశారు. "ఎడమ క్లిప్పు రెండు వేళ్ళు లోపలికి ఉండాలి," అన్నారు. తర్వాత వంగి, ఆ ఎడమ క్లిప్పు తీసేశారు. తువ్వాలు సగానికి మడిచి కుడి వైపుకి వేశారు. ఇరవై రెండేళ్ళుగా ఎండ తగలని సగం బల్ల మీద చెక్క కొత్తదానిలా తెల్లగా ఉంది.

"వచ్చే మే నెలలో పోల్మన్ పెద్దవాళ్ళకి ఈత నేర్పుతాడట, పొద్దున ఏడింటికి," అన్నారు క్లిప్పు నా చేతిలో పెడుతూ. "తువ్వాలు సంగతి నేను చూసుకుంటా. నిన్ను నడుం లోతు దాటి పోనివ్వను, ఇక్కడి నుంచి అంతా కనిపిస్తుంది."

"మీకు తుంటి విరిగింది కదండీ. నేను మునిగితే మీరేం చేస్తారు?"

"అరుస్తా," అన్నారు. "నీ దగ్గరే నేర్చుకున్నా."

పలక మీద నుంచి మైకె కేక వేసింది, "అమ్మా! చూస్తున్నావా?"

"చూస్తున్నా! ఉండు, ఉండు!" అన్నాను.

కూర్చునే ముందు మాత్రం బల్ల కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో ఒకసారి ఊపి చూశాను.